బోర్డుల కింద నాలుగో తరగతి

పేద బడికి ఏదో ఒకటి ఇచ్చి, దాని పక్కనే తమ పేరుతో పెద్ద బోర్డు పాతించుకునే దాతలను చూసి నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ వానలో కూర్చుని ఎక్కాలు చదివినవాళ్ళు కారు. చదివి ఉంటే తెలిసేది, ఆ దానం మొత్తంలో పనికొచ్చేది బోర్డు ఒక్కటేనని!

నమ్మరా? అయితే ములాంజే కొండ కింద మా నమసోకో బడి హెడ్‌మిస్ట్రెస్ ఫనెసి లికోస్వెకు ఏం జరిగిందో వినండి. విన్నాక కూడా నవ్వాలనిపిస్తే అప్పుడు నవ్వుకోండి.

ఫనెసి మేడమ్ భారీ మనిషి. నెమ్మదిగా నడుస్తుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది, ఒకసారి పట్టుకున్నదాన్ని మాత్రం వదలదు. ఆమె దగ్గర చదివిన పిల్లల పిల్లలు ఇప్పుడు ఆమె దగ్గరే చదువుతున్నారు. భర్త పోయాక అక్కలు వచ్చి తమతో జోంబా పట్నానికి రమ్మంటే, "ఈ మొండిగోడల్ని ఎవరికి అప్పజెప్పి రాను?" అంది.

మొండిగోడలు అన్నది మాటవరసకు కాదు. అంతకు ముందు తుఫాను వచ్చి నాలుగో తరగతి గది కప్పు ఎత్తుకుపోయింది. రేకులు గద్దల్లా లేచి ఊరంతా దిగాయి. ఎవరి పెరట్లో పడ్డవి అక్కడే స్థిరపడ్డాయి. కొన్ని కోళ్ళగూళ్ళ మీదికెక్కాయి, కొన్ని స్నానాల దడులయ్యాయి. ఫనెసి ఊళ్ళో నడుస్తుంటే తన బడి కప్పు ముక్కలు ముక్కలుగా ఎదురవుతూ ఉండేది. అడగడానికి నోరు రాలేదు. ఆ గాలికి ఇళ్ళే పోగొట్టుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామంది.

అప్పటినుంచి నాలుగో తరగతికి ఆకాశమే కప్పు. ఎండాకాలంలో గోడ నీడ ఎటు జరిగితే తరగతి అటు జరిగేది. మబ్బు పడితే పిల్లలంతా పుస్తకాలు చొక్కాల్లో దోపుకుని మూడో తరగతిలోకి దూరేవారు. రెండు తరగతులు ఒక గదిలో పడితే పాఠం వినపడదు, దగ్గే వినపడుతుంది. వానలు ముదిరేసరికి నాలుగో తరగతిలో సగంమంది బడి మానేసేవారు. మానినవాళ్ళలో మళ్ళీ వచ్చేవాళ్ళు తక్కువ, ఆడపిల్లలైతే మరీ తక్కువ. ఫనెసికి నిద్ర పట్టనివ్వని సంగతి అదొక్కటే.

విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. రేకులు దారిలో ఉన్నాయన్నారు. ఆ దారి ఎంత పొడుగో ఆఫీసువాళ్ళకూ తెలియదు.

సరిగ్గా అప్పుడే దాతలు రావడం మొదలైంది.

మొదట పళ్ళవాళ్ళు వచ్చారు. పెట్టెల నిండా పళ్ళు తోముకునే బ్రష్షులు తెచ్చారు. నమసోకో పిల్లల పళ్ళకు ఏ లోటూ లేదు. పుల్లతో తోముకుని, అదే పళ్ళతో చెరకు గెడ ఒలుచుకు తింటారు. అయినా బ్రష్షులు తీసుకున్నారు, పాట పాడారు. గేటు పక్కన బోర్డు లేచింది: "ఈ చిరునవ్వులు మా బాధ్యత". మంచి మందమైన ఇనప రేకు, రెండు గొట్టపు స్తంభాలు, వాటి కింద సిమెంటు దిమ్మ. బడిలో ఒక్క గదికైనా సిమెంటు నేల లేదన్న సంగతి ఇక్కడ ఎత్తడం మర్యాద కాదు.

తర్వాత ఈత కళ్ళద్దాలు వచ్చాయి. "ప్రతి బిడ్డకూ ఈత" అని బోర్డు. మా ఏరు వానల్లో మనిషిని కొట్టుకుపోతుంది, వానలు వెళ్ళాక మోకాలు కూడా తడపదు. అలాగని కళ్ళద్దాలు వృథా పోలేదు. బడిలో జావ కాచే తల్లుల సంఘానికి పెద్ద ఎలూబి. పొయ్యి పొగకు కళ్ళు మండకుండా ఆమె వాటిని పెట్టుకోసాగింది. చితెంజె గుడ్డ నడుముకు బిగించి, నల్లటి కళ్ళద్దాలతో, తెడ్డు పట్టుకుని ఎలూబి నిలబడితే మొదటి తరగతి పిల్లలు రెండోసారి జావ అడగడం మానేశారు.

ఆపైన మేకలు వచ్చాయి. "మేకతో చదువు". ఆ మేకలు బడిలో ఉన్న ఇంగ్లీషు వాచకాలన్నీ తినేశాయి కాబట్టి బోర్డు మీద రాసింది అబద్ధమని ఎవరూ అనలేరు.

చివరికి ఒకాయన కలలు కనమని చెప్పడానికి వచ్చాడు. బ్లాంటైర్ నగరం నుంచి మైకు కూడా తెచ్చుకున్నాడు. "కళ్ళు మూసుకోండి. జీవితంలో ఏం కావాలో కల కనండి" అన్నాడు. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. చాలామందికి మొక్కజొన్న పిండితో చేసే న్సిమా ముద్ద, కోడికూర కనబడ్డాయట. ఆయన ఇచ్చిందేమీ లేదు గానీ, అన్నిటికంటే పెద్ద బోర్డు ఆయనదే. "కల కనే హక్కు" అని నాలుగో తరగతి గోడ పక్కన నిలబెట్టాడు.

వీళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చే మనిషి క్రిస్పిన్ బెండెరా. దాతలకూ బళ్ళకూ మధ్య తిరిగే ఒక సంస్థలో కోఆర్డినేటరు. చెడ్డవాడేం కాదు. నెలనెలా జావ పిండి సంచులు వచ్చేది కూడా అతని చేతుల మీదుగానే. ఆ జావ కోసమే బడికి వచ్చే పిల్లలు కొల్లలు. అందుకే ఫనెసి అతని దగ్గర ఎప్పుడూ గొంతు పెంచదు. కానీ వచ్చిన ప్రతిసారీ అదే అడిగేది.

"బాబూ బెండెరా, రేకులిప్పించు. ఒక్క గదికి చాలు."

"రేకులకి ఫండు దొరకదు మేడమ్. దాతలకి ఫొటో కావాలి. కప్పు ఫొటోలో పడదు."

"తడిసిన పిల్లలు పడతారా?"

బెండెరా నిజాయితీగా కాసేపు ఆలోచించాడు. "వాళ్ళు చాలా బాగా పడతారు మేడమ్" అన్నాడు.

నవంబరులో తొలివాన కొండ మీద నుంచి దిగింది. వాన కంటే ముందు గాలి వచ్చింది. "కల కనే హక్కు" ఒక కాలు ఊడి, పక్కకు ఒరిగి, నాలుగో తరగతి మొండిగోడ మీద వాలింది. గోడకూ బోర్డుకూ మధ్య గుడారంలా చోటు ఏర్పడింది. వాన పడగానే పిల్లలు మూడో తరగతి వైపు పరిగెత్తకుండా దాని కిందికి దూరారు. వాళ్ళ మాస్టారూ వాళ్ళ వెనకే దూరి, ఆపిన భాగహారం ఆపిన చోటినుంచే మొదలుపెట్టాడు.

పిల్లల మీద బోర్డు పడిందేమోనని ఫనెసి పరిగెత్తుకొచ్చింది. మేడమ్ పరిగెత్తడం చూశామని ఆ పిల్లలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. వచ్చి చూస్తే, పొడి నేల మీద ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని సగం తరగతి లెక్కలు చేస్తోంది. ఫనెసి వేలి కణుపుతో రేకును తట్టి చూసింది. తర్వాత తల తిప్పి గేటు వైపు చూసింది. అక్కడ మిగతా బోర్డులు వరసగా నిలబడి, ఎవరికీ పనికిరాకుండా వానలో తడుస్తున్నాయి.

ఆ సాయంత్రమే ఎలూబిని, వైసన్ మక్వింజాను పిలిపించింది. వైసన్ పాత డబ్బాలతో బకెట్లు, బొగ్గు కుంపట్లు చేసే రేకు పనివాడు.

"వైసన్, ఈ బోర్డులన్నీ పరిస్తే ఒక గదికి సరిపోతాయా?"

వైసన్ బోర్డుల చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇది దొంగతనమా మేడమ్, రిపేరా?"

"రిపేరే."

"అయితే కూలి అడగలేను" అన్నాడు దిగులుగా. "దొంగతనమైతే నాకూ వాటా వచ్చేది."

ఊరి పెద్ద నఖుంబా ఒప్పుకోనిదే బడిలో మేకు కూడా కదలదు. ముగ్గురూ ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆయన విని తల అడ్డంగా ఊపాడు.

"దాత పేరున్న బోర్డు సమాధి రాయితో సమానం. పీకకూడదు. పైగా అది పరాయి సొత్తు. ఒకరి సొత్తు తెచ్చి ఇంకొకరు నెత్తిన కప్పుకోవడం ఈ ఊళ్ళో ఎప్పుడైనా జరిగిందా?"

ఫనెసి ఆయన వెనకాల ఉన్న కోళ్ళగూడు కప్పు వంక చూసింది. బడి రేకులకు ఒకప్పుడు వేసిన నీలం రంగును ఆమె ఎక్కడ చూసినా పోల్చుకోగలదు. ఎలూబి కూడా చూసింది. వైసన్ అయితే దగ్గరికి వెళ్ళి తట్టి చూసి, "మంచి రేకు పెద్దయ్యా. ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కోళ్ళను అదిలించాడు. ఆకాశం వైపు చూశాడు.

"అయినా పిల్లల కోసం ఇచ్చింది పిల్లల నెత్తి మీద ఉంటే తప్పేముందిలే" అని తీర్పు చెప్పి, తన తోటలోంచి జామాయిల్ వాసాలు కూడా కొట్టించి ఇచ్చాడు. కోళ్ళగూటి మాట ఎవరూ ఎత్తలేదు.

ఊరంతా కదిలింది. మగవాళ్ళు బోర్డులు పెకలించారు, ఆడవాళ్ళు వాసాలు మోశారు, వైసన్ పైకెక్కి మేకులు కొట్టాడు. రంగు వేసిన వైపు పైకి ఉంచుదామన్నాడతను, చూడముచ్చటగా ఉంటుందని. కిందికే ఉండాలంది ఫనెసి. "పైకుంటే దాతల పేర్లు ఎండకి వెలిసిపోవూ?" అంది. రోడ్డు మీద పోయే కార్లకు కనబడకూడదన్న రెండో కారణం మనసులోనే ఉంచుకుంది.

దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఇంగ్లీషు వాచకాలను మేకలు తినేశాయి కదా? బోర్డుల మీద ఉన్నదీ ఇంగ్లీషే కాబట్టి పిల్లలు తలలు పైకెత్తి కప్పు చదవడం మొదలుపెట్టారు. చిరునవ్వు, ఈత, హక్కు, బాధ్యత! ఏ వాచకంలో దొరుకుతాయి ఇంత పెద్ద మాటలు, ఇంత పెద్ద అక్షరాల్లో? వైసన్ కొన్ని బోర్డులను తలకిందులుగా పరిచాడు కాబట్టి, ఆ తరగతి పిల్లలు ఇప్పటికీ "చిరునవ్వు" అని ఇంగ్లీషులో రాయాలంటే ముందు పుస్తకం తిప్పుకుంటారు.

ఎంత సర్దినా ఒక మూల మిగిలిపోయింది. ఆ మూల కూర్చునేవాళ్ళు మాత్రం తడవాల్సిందే. రోజుకొకరు వంతులు వేసుకున్నారు.

అక్కడినుంచి ఫనెసి పద్ధతే మారింది. బెండెరా ఫోను చేస్తే ఏమిస్తున్నారని అడగదు. బోర్డు సంగతి అడుగుతుంది.

"మేడమ్, ఈసారి మీకొక బల్ల వస్తోంది" అన్నాడతను ఒకరోజు. "ఒకటే. దాని పేరు సంతోషపు బల్ల. దిగులుగా ఉన్న పిల్లలెవరైనా దాని మీద కూర్చుంటే మిగతావాళ్ళు వచ్చి పలకరిస్తారు. ఎక్కడో చలిదేశంలో ఒక తోటపని క్లబ్బు వాళ్ళు ఇస్తున్నారు."

"బోర్డుంటుందా బాబూ?"

"ఉంటుంది. ఈసారి ఫ్లెక్సీ వేయిస్తున్నాం."

"ఫ్లెక్సీనా?" ఫనెసి గొంతులో బాధ నిజమైనదే. "ఎంత మాటన్నావు. అంత దూరాన ఉండి మమ్మల్ని తలుచుకున్నవాళ్ళ పేరు గుడ్డ మీద రాస్తావా? రెండు వానలకి చిరిగిపోతుంది. ఇనప రేకు మీద వేయించు. మందంగా. వెడల్పుగా కూడా ఉండాలి, మా ఊళ్ళో చూపు ఆననివాళ్ళున్నారు."

"ఎంత వెడల్పు మేడమ్?"

పక్కనే ఉన్న వైసన్ చేతులు బార్లా చాపి చూపించాడు. ఆమె ఆ కొలత చెప్పింది.

అవతల బెండెరా కరిగిపోయాడు. "మిగతా బళ్ళవాళ్ళు అది కావాలి ఇది కావాలి అంటారు మేడమ్. దాతల గౌరవం గురించి ఆలోచించింది మీరొక్కరే. ఉండండి, ఆ క్లబ్బు మనిషినే తీసుకొచ్చి మీకు చూపిస్తాను."

వద్దు బాబూ అనేలోపు లైను తెగిపోయింది.

బల్ల ముందుగా వచ్చింది, దానితో బోర్డూ వచ్చింది. బడి మొత్తానికి కూర్చోవడానికి ఉన్న బల్ల అదొక్కటే. దాంతో బడి మొత్తానికి దిగులు పట్టుకుంది. పొద్దున్నే గంట కొట్టకముందే పిల్లలు మొహాలు వేలాడేసుకుని వరస కట్టేవారు. తన దిగులు అందరికంటే పెద్దదని ఒప్పించడానికి రెండో తరగతి కుర్రాడొకడు, వాళ్ళమ్మ చచ్చిపోయిందని చెప్పాడు. వాళ్ళమ్మ ఎలూబి. పక్కనే జావ కలుపుతోంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఏరా, నేనెప్పుడు పోయాను?" అంది. ఆ తర్వాత వాడికి నిజంగానే దిగులు వేసింది.

చెప్పినట్టే బెండెరా కారు వచ్చింది. అందులోంచి పొట్టి ముసలావిడ దిగింది. ఎండకు కందిన ముక్కు, దుమ్ము కొట్టుకున్న నడక బూట్లు. పిల్లలు పాట పాడారు. ఆవిడ బల్లను చూసి సంతోషించింది. బెండెరా మాత్రం గేటు దగ్గరే నిలబడిపోయాడు. అక్కడ కొత్త బోర్డు తప్ప ఇంకేమీ లేదు.

"మేడమ్" అన్నాడు గొంతు తగ్గించి. "మిగతా బోర్డులేవి?"

"భద్రంగా ఉన్నాయి బాబూ."

"ఎక్కడ?"

రంగులు వేయించడానికి పంపామని చెబుదామనుకుని ఫనెసి ముందురోజంతా ఆ మాట వల్లించుకుంది. అతని మొహం చూశాక నోరు రాలేదు. "రా, చూపిస్తా" అంది.

నాలుగో తరగతిలో అడుగుపెట్టి బెండెరా తలెత్తాడు. సరిగ్గా అతని నెత్తిమీద "ప్రతి బిడ్డకూ ఈత".

"ఇవి ప్రాజెక్టు ఆస్తి మేడమ్. ఆఫీసులో నేనేం చెప్పుకోను? వాళ్ళకి కోపమొస్తే మీకు పిండి కూడా ఆపేస్తారు."

ఫనెసి గోడ పట్టుకుంది. "నా పేరు చెప్పు" అంది. "ఫనెసి లికోస్వె దొంగ అని చెప్పు. ఉద్యోగం తీసేస్తారేమో, తీసెయ్యనీ. పిల్లల పిండి జోలికి రావద్దు. ఈ కప్పు మాత్రం నేను బతికుండగా విప్పనివ్వను. కిందటి వానాకాలం ఈ గదిలో మిగిలిన పిల్లలెంతమందో నీకు తెలుసు. ఇప్పుడెంతమంది ఉన్నారో చూడు."

గది కిక్కిరిసి ఉంది. బెండెరా చూశాడు.

వాళ్ళ వెనకే వచ్చిన ముసలావిడ ఇందాకటినుంచి తల పైకెత్తే ఉంది. మెడ లాగింది కాబోలు, ఎవరినీ అడక్కుండా పిల్లల మధ్య మట్టి నేల మీద వెల్లకిలా పడుకుంది. పిల్లలు మొదట బిత్తరపోయి, తర్వాత ఆవిడకు సాయంగా కప్పు మొత్తం గట్టిగా చదివి వినిపించారు. ఆవిడ పడుకునే కెమెరా తీసి ఫొటోలు కొట్టింది. కప్పు ఫొటోలో శుభ్రంగా పడింది.

"కప్పులో ఆ మూల ఎందుకు ఖాళీగా ఉంది?" అని అడిగింది.

"అది గాలి కోసం వదిలారండీ" అన్నాడు బెండెరా.

"కాదమ్మా" అంది ఫనెసి. ఇంక దాచి లాభం లేదనిపించింది. "అది మీ బోర్డు వచ్చే చోటు."

ముసలావిడ ముందు ఫనెసిని చూసింది, తర్వాత ఆకాశం కనబడే ఆ మూలను చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. పడుకునే నవ్వింది, లేచి కూర్చుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"మరి నేను వెళ్ళేదాకా ఆగడం ఎందుకు? ఇప్పుడే వేసెయ్యండి."

వైసన్ కోటు లోపలినుంచి సుత్తి బయటికి తీశాడు. నిచ్చెన గోడ వెనకాల సిద్ధంగానే ఉంది. బెండెరా తేరుకుని, దీన్ని సమాజ భాగస్వామ్యం అంటారని, రిపోర్టులో అలాగే రాస్తానని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

పైన మేకులు దిగుతుండగా ముసలావిడ, ఫనెసి వెళ్ళి సంతోషపు బల్ల మీద కూర్చున్నారు.

"మొదట్లో మీకేం కావాలో ఎవరూ అడగలేదా?" అంది ముసలావిడ.

"మేం చెప్పామమ్మా. అడగడం మాత్రం ఎవరూ అడగలేదు."

"అయితే నేనడుగుతున్నాను. ఏం కావాలి?"

ఫనెసి నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి ఆ నోట్లో ఒకే మాట సిద్ధంగా ఉంది. ఆ మాట మీదే ఇప్పుడు అక్కడ వైసన్ మేకులు కొడుతున్నాడు. ఇంకో మాట కోసం వెతుక్కుంటే ఏదీ దొరకలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నపిల్లలా చితెంజె కొంగు నలుపుతూ కూర్చుంది.

ఎలూబి తెడ్డుతో సహా వచ్చింది. "అడిగే మనిషి దొరికితే గుటకలు మింగుతావేం మేడమ్? ఐదో తరగతి చూపించు."

ఐదో తరగతికి కప్పుంది. తుప్పు పట్టి జల్లెడైంది. మిట్టమధ్యాహ్నం అందులో నిలబడితే నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు. ముసలావిడ లోపలికి వెళ్ళి, పైకి చూసి, బయటికొచ్చింది.

"దీనికి రేకులు నేను పంపిస్తాను. క్లబ్బు కాదు, నేనే."

బెండెరా జేబులోంచి పెన్ను తీశాడు. "బోర్డు మీద మీ పేరెలా రాయమంటారు?"

"బోర్డేమీ వద్దు. పేరూ వద్దు. అలాంటివి నాకు గిట్టవు."

బల్ల మీద రాని మాటలు ఫనెసికి ఇప్పుడు తన్నుకొచ్చాయి. "అంత మాట అనకండమ్మా. ఇచ్చినవాళ్ళ పేరు లేకుండా ఎలా? పెద్దది వద్దంటే మానండి, ఇంత పొడుగు, ఇంత వెడల్పు, ఒక్క బోర్డు పెట్టించుకోండి."

"నాకు ఇష్టం లేదన్నానుగా."

"మీకిష్టం లేకపోయినా మా కోసం పెట్టించుకోవాలమ్మా" అంది ఫనెసి ఆవిడ చెయ్యి పట్టుకుని. "ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు."

వానలు తగ్గకముందే ఐదో తరగతికి రేకులొచ్చాయి. వాటితో పాటు తలుపు కూడా వచ్చింది, గొళ్ళెంతో సహా. బోర్డు మాత్రం రాలేదు.

ఆ నష్టం ఎంతటిదో ఆలోచించండి. నాలుగో తరగతి పిల్లలను నిద్రలో లేపి అడిగినా పళ్ళవాళ్ళ పేరు, ఈతవాళ్ళ పేరు తడుముకోకుండా చెబుతారు. ఐదో తరగతికి వచ్చేసరికి నెత్తిమీద చదువుకోవడానికి ఒక్క అక్షరం ఉండదు. ఆ కప్పు ఎవరిచ్చారంటే ఏ ఒక్కరికీ పేరు తెలియదు. బెండెరా ఎక్కడో రాసుకున్నాడట, అదీ పోయిందట. పిల్లలు, ఎలూబి, ఫనెసి మేడమ్, ఊరి పెద్ద, అందరూ ఆవిడను "అడిగినావిడ" అనే అంటారు.

ఏ అడిగినావిడ అని మా ఊళ్ళో ఎవరూ తిరిగి అడగరు. ఇంతవరకూ అడిగింది ఆవిడొక్కతే.